బెజవాడలో ఇల్లు చూసే ముందు పేట చూసుకోండి

ఇల్లు వెతికేవాళ్ళు ముందు గదులు లెక్కపెడతారు. తర్వాత కొళాయిలు తిప్పి చూస్తారు, వాస్తు అడుగుతారు, చివరికి అద్దె దగ్గర బేరం పెడతారు. దిగిన నెలకి గాని అసలు సంగతి తెలియదు. కరివేపాకు రెమ్మ కావాలన్నా బండి తీయాలి. సాయంత్రం పూట అమ్మని నాలుగడుగులు నడిపిద్దామంటే రోడ్డు పక్కన కాలు పెట్టే చోటుండదు. ఇస్త్రీ బట్టలు రెండు కిలోమీటర్లు మోయాలి. ఇంటికి వంక పెట్టడానికేమీ ఉండదు గానీ, ఊరు మాత్రం మనది కానట్టే ఉంటుంది.

విజయవాడలో ఈ తేడా మరీ ఎక్కువ. ఒక పక్క కృష్ణ, ఊరి మధ్య నుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, ఎటు తిరిగినా ఏదో ఒక కొండ, నడిబొడ్డున రైల్వే జంక్షన్. వీటి మధ్య మిగిలిన జాగాల్లో ఒక్కో పేట ఒక్కో తీరుగా కుదురుకుంది. కాలువ వంతెన దాటితే చాలు, పొద్దున టిఫిను మారుతుంది, వేసవి రాత్రి గాలి మారుతుంది, వీధి నిద్రలేచే వేళ కూడా మారుతుంది. అందుకే ఇల్లు తర్వాత, పేట ముందు.

పది నిమిషాల నడక

పేటల్ని పోల్చడానికి ఒక్క కొలత చాలు: గుమ్మం దిగి పది నిమిషాలు నడిస్తే ఏమేం అందుతాయి? మామూలు నడకకి పది నిమిషాలంటే ఏడెనిమిది వందల మీటర్లు. మే నెలలో సాయంత్రం అయిదింటికి, చేతిలో సంచితో, పక్కన డెబ్బై ఏళ్ళ మనిషితో అయితే అందులో సగమే లెక్క. ఆ సగం దూరంలో ఏడు చూసుకోండి: వేడి ఇడ్లీ, ఆకుకూరలు, పాలు, ఇస్త్రీ బండి, మందుల షాపు, సిటీ బస్సు ఆగే చోటు, డబ్బు పెట్టకుండా కూర్చోగలిగే నీడ.

మొదటి ఆరూ ఊళ్ళో చాలాచోట్ల దొరుకుతాయి. ఏడోదానికే కరువు. గుడి మండపమో, పార్కు బెంచీయో, గ్రంథాలయమో, కాలువ గట్టున వేపచెట్టు కింద చప్టాయో, ఏదో ఒకటి ఉండాలి. అది లేని వీధిలో మనిషి ఇంటికీ పనికీ మధ్య తిరుగుతాడు తప్ప ఇరుగుపొరుగుతో ముఖపరిచయం కూడా కుదరదు. ఆ ఏడోది ఉన్న పేటలో ఒక గది తక్కువ ఇల్లు దొరికినా అటే మొగ్గమంటాం.

బండి తీయకుండా రోజు గడవాలంటే: గాంధీనగర్, సత్యనారాయణపురం

నడిచి బతకాలనుకునేవాళ్ళు ముందు చూడాల్సిన పేటలు ఈ రెండే. రైల్వే స్టేషన్‌కి తూర్పు వైపున గాంధీనగర్. సినిమా హాళ్ళు, లాడ్జీలు, టిఫిన్ హోటళ్ళు కలిసి పెరిగిన చోటు కనుక తెల్లవారకముందే పొయ్యి వెలుగుతుంది, సెకండ్ షో వదిలాక కూడా టీ దొరుకుతుంది. బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న వేసి పెడతారన్న సంగతి పొరుగూళ్ళ వాళ్ళకీ తెలుసు. పేటలో ఉండేవాళ్ళు రోజూ తినేది మాత్రం సందు మొదట్లో బండి దగ్గరే. ఆ బండి మంచిదో కాదో తేల్చుకోవడానికి రెండు గుర్తులున్నాయి. ఒకటి, తొమ్మిదిన్నరకల్లా పిండి అయిపోవాలి. ఎండ ముదిరేదాకా బయట నిలిచిన పిండి పులుస్తుంది, ఆ పులుపు విరవడానికి వంటసోడా ఎక్కువ పడుతుంది, మధ్యాహ్నానికి కడుపు ఉబ్బుతుంది. రెండోది, పల్లీ చట్నీ గిన్నె చిన్నదై ఉండాలి. చిన్న గిన్నె అంటే అయిపోయినప్పుడల్లా మళ్ళీ రుబ్బుతున్నారని అర్థం. బకెట్టెడు ఒకేసారి చేసి పెట్టుకున్నచోట ఎనిమిదింటికే చట్నీ నీళ్ళొదులుతుంది.

గాంధీనగర్ నుంచి ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాలు, లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు, బీసెంట్ రోడ్డు తోపుడు బళ్ళు, మూడూ నడకలోనే. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆ చదువు వాసన ఏలూరు రోడ్డుకి ఇంకా ఉంది. పాత పుస్తకాలకి వెళ్ళేవాళ్ళు పగటి వెలుతురులో వెళ్ళండి. అట్ట బాగుండి లోపల పురుగు తిన్న పుస్తకాలు దీపాల వెలుగులో కనపడవు. మధ్య పేజీలు విప్పి కుట్టు దగ్గర చూస్తే తెలిసిపోతుంది.

సత్యనారాయణపురం ఇంతకన్నా నెమ్మది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పేరుతో ముడిపడ్డ పేట. పక్కనే దుర్గాపురంలో ఘంటసాల పేరు మీద ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. సాయంత్రం వీధిలో నడుస్తుంటే ఏదో ఒక ఇంట్లోంచి సరళీస్వరాలు వినపడటం ఇక్కడ వింతేమీ కాదు. ఒకప్పుడు పేటని ఒరుసుకుంటూ రైలు పట్టాలుండేవి. అవి తీసేసి వేసిన వెడల్పాటి దారే ఇప్పటి బీఆర్‌టీఎస్ రోడ్డు. పొద్దున అది నడిచేవాళ్ళది, సాయంత్రం పునుగులు, బజ్జీల బళ్ళది. ఆ రోడ్డు మీదే ఇల్లు తీసుకుంటే మాత్రం రాత్రి పదకొండు దాకా బైకుల మోత తప్పదు. రెండు వీధులు లోపలికి జరగండి. నడక దూరం మూడు నిమిషాలే పెరుగుతుంది, నిద్ర బాగుపడుతుంది.

ఈ పేటల్లో పాత ఇళ్ళు ఎక్కువగా వాటాలుగా దొరుకుతాయి. వాటా ఇల్లంటే అరుగు ఉంటుంది, పలకరింపు ఉంటుంది, పక్క వాటా వాళ్ళు మన తాళంచెవి దాస్తారు. దాంతోపాటు మూడు చిక్కులూ ఉంటాయి. మొదటిది కరెంటు మీటరు. రెండు వాటాలకి ఒకే మీటరుంటే యూనిట్లు కలిసి పై శ్లాబులోకి పోతాయి, ఇద్దరూ విడివిడిగా వాడినప్పటి కన్నా బిల్లు పెరుగుతుంది. విడి మీటరున్న వాటానే తీసుకోండి. సబ్ మీటరే గతి అంటే దిగిన రోజు రీడింగు ఫోటో తీసి యజమానికి పంపించండి. రెండోది మోటారు. నీళ్ళు ఎక్కించేది ఎవరు, ఏ వేళకి, సంపు ఎండితే ఎవరిది పూచీ అన్నది ముందే తేలాలి. మూడోది చెమ్మ. కింది వాటాలో గోడ అడుగున రెండడుగుల ఎత్తు దాకా సున్నం పొక్కి రాలుతుంటే, కొత్త రంగు వేసి చూపించినా మొదటి వానాకాలానికి అదే గోడ మళ్ళీ పొక్కుతుంది. బీరువా ఆ గోడకి ఆనించారంటే పట్టుచీరలకి బూజు పడుతుంది.

కారుంటే ఈ రెండు పేటలూ కష్టమే. వీధిలో నిలిపే చోటు ఎవరి గుమ్మం ముందుందో వాళ్ళదన్న అలిఖిత ఒప్పందం నడుస్తుంది. దాన్ని కాదని కారు పెడితే పేటలో మొదటి రోజే మాట పడతారు.

గవర్నర్‌పేట, సూర్యారావుపేట ఆనుకునే ఉన్నా వాటి బతుకు వేరు. ఆఫీసులు, షాపులు, ఆస్పత్రులు. పగలు కిటకిట, రాత్రి ఖాళీ. అక్కడ పనిచేసేవాళ్ళకి తప్ప, కాపురానికి అంత నప్పవు.

నది పక్కన ఉండాలంటే: భవానీపురమా, కృష్ణలంకా?

కృష్ణ ఒడ్డున ఉంటాం అనేవాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది బ్యారేజీకి పైనా, కిందా అని. చాలామంది ఇక్కడే పొరబడతారు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ వెనక 12 అడుగుల మట్టానికి 3.07 టీఎంసీల నీళ్ళు నిలుస్తాయి. అందువల్ల ఎగువనున్న విద్యాధరపురం, భవానీపురం వైపు ఏడాదిలో చాలా భాగం నది నిండుగా కనపడుతుంది. దిగువనున్న కృష్ణలంక వైపు గేట్లు ఎత్తినప్పుడే ప్రవాహం. మిగతా రోజుల్లో ఇసుక తిన్నెలు, అక్కడక్కడా మడుగులు. ఆగస్టులో ఇల్లు చూసి నది కనపడుతోందని మురిసి, ఫిబ్రవరిలో ఇసుక చూసి ఉసూరుమన్నవాళ్ళున్నారు.

నీళ్ళ మీద పొద్దు వాలడం చూడాలంటే భవానీపురం. పున్నమి ఘాట్, భవానీ ఘాట్ మెట్ల మీద సాయంత్రం అయిదున్నరకి కూర్చుంటే చీకటి పడేదాకా లేవబుద్ధి కాదు. భవానీ ద్వీపానికి పడవలూ అటునుంచే. అయితే కాలనీలకీ ఘాట్లకీ మధ్య హైదరాబాద్ జాతీయ రహదారి అడ్డం. ఇల్లు చూసినరోజే, సాయంత్రం ఆరింటికి, పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని ఆ రోడ్డు ఒకసారి దాటి చూడండి. దాటడం గండంగా అనిపిస్తే ఘాట్ మీకు నడక దూరంలో ఉన్నట్టు కాదు. ఊళ్ళోకి రావాలంటే ముఖ్యమైన దారి దుర్గమ్మ కొండ పక్కనుంచి. 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచాక ఆ ఇరుకు బాగా తగ్గింది గానీ, దసరా నవరాత్రుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, మళ్ళీ భవానీ దీక్షల విరమణప్పుడు దారులు మళ్ళిస్తారు. ఆ రోజుల్లో రైలుంటే గంట ముందు కాదు, రెండు గంటల ముందు బయల్దేరాలి.

కృష్ణలంకది వేరే సుఖం. బస్టాండు పక్కనే. ఊళ్ళకి తరచు తిరిగేవాళ్ళకి, రాత్రి పన్నెండింటికి గుంటూరు నుంచో ఏలూరు నుంచో దిగేవాళ్ళకి దీన్ని మించిన పేట లేదు. ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి, సందులు సన్నం, మనుషులు దగ్గర. వరద భయం సంగతి అడగాల్సిందే. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం వచ్చినప్పుడు నది వెంట కట్టిన రక్షణ గోడ కృష్ణలంకని కాపాడింది. కనుక ఇల్లు గోడకి లోపలుందా, బయటుందా అన్నదొక్కటే ప్రశ్న. బయటున్నదైతే అద్దె ఎంత తక్కువైనా వద్దు. గోడ పొడవునా పొద్దున్నే నడవొచ్చు. నదీగర్భం బయలు కాబట్టి గాలికి అడ్డుండదు. అదే గాలి వేసవిలో ఇసుక కూడా మోసుకొస్తుంది. నది వైపు కిటికీలకి సన్నని వల కొట్టించుకోకపోతే రోజుకి రెండుసార్లు తుడవాలి.

రెండింట్లో ఒకటి చెప్పమంటే, రిటైరైనవాళ్ళకి భవానీపురం, ఉద్యోగం మీద తిరిగేవాళ్ళకి కృష్ణలంక.

కాలువ గట్టు ఇళ్ళ గురించి ఒక ముక్క. సాగునీరు వదిలినంతకాలం కాలువ పక్క ఇల్లు చల్లగా, అందంగా ఉంటుంది. వేసవిలో నీళ్ళు కట్టేశాక అడుగున మిగిలిన మడుగుల్లో మురుగు చేరుతుంది, దోమలు లేస్తాయి. కాలువ ఇల్లు చూడాలంటే మే నెలలో చూడండి. అప్పుడు కూడా నచ్చిందంటే ఏడాదంతా నచ్చుతుంది.

సరుకుల పేట: వన్‌టౌన్

వంట మీద మక్కువున్న ఇంటికి వన్‌టౌన్ స్వర్గం. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ కూరగాయలు, పళ్ళు, ఎండుమిర్చి, చింతపండు, బెల్లం, పచారీ సరుకులు ఒక్కో వీధిలో ఒక్కో రకం. వస్త్రలత దుకాణ సముదాయంలో టోకు బట్టలు. సమరంగం చౌక్ వైపు మార్వాడీ మిఠాయిలు, కచోరీలు. పంజా సెంటర్‌లో రంజాన్ నెల సాయంత్రాలు. శివాలయం గంటలు, మసీదు అజాన్ ఒకే ఇంట్లోకి వినపడే వీధులున్నాయి.

కొనుగోలుకి వేళలు తెలియాలి. తెల్లవారుజామున సరుకు దిగేటప్పుడు ధర టోకుది, తూకం కూడా టోకుదే: అయిదు కిలోలకి తక్కువ అడిగితే విసుక్కుంటారు. ఎనిమిది దాటాక చిల్లరగా దొరుకుతుంది. ఇద్దరే ఉన్న ఇల్లయితే పక్కింటివాళ్ళతో కలిసి అయిదు కిలోల టమాటా పంచుకోవడం మేలు, స్నేహమూ అక్కడే మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నూజివీడు వైపు నుంచి రసాలు, బంగినపల్లి బుట్టలు దిగుతాయి. చిన్న రసాలు తొడిమ దగ్గర వాసన చూసి తీసుకోండి. రంగు పసుపుపచ్చగా తిరిగినా తొడిమ దగ్గర వాసన లేదంటే మగ్గలేదనే. ఆవకాయ కాయ అక్కడికక్కడే కొట్టించి ఇస్తారు. టెంక ప్రతి ముక్కకీ అంటుకుని ఉండేలా కొట్టమని ముందే చెప్పాలి, లేకపోతే ముక్క మూడు నెలలకే మెత్తబడుతుంది.

ఇన్ని సుఖాలున్న పేటలో ఇబ్బందులూ ఘనమైనవే. పగలంతా సరుకు ఆటోలు, ట్రాలీలు. ఇళ్ళకి వెలుతురు తక్కువ, ఎదురింటి గోడ చేతికందుతుంది. పిల్లలు ఆడుకోవడానికి వీధి చాలదు. కొండవాలు ఇళ్ళు అద్దెకి చవక, పై నుంచి నదీ, ఊరూ కనపడతాయి. కానీ మెట్లు లెక్కపెట్టండి. గ్యాస్ సిలిండరు ఎవరు మోస్తారు, ఎంత తీసుకుంటారు, కొళాయి నీళ్ళు ఆ ఎత్తుకి వేసవిలో కూడా ఎక్కుతాయా, రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే మనిషిని కిందికి ఎలా దించుతారు, ఈ నాలుగింటికీ జవాబు దొరకందే అడ్వాన్సు ఇవ్వకండి.

లబ్బీపేట, మొగల్రాజపురం, పటమట

కాస్త వెడల్పు వీధులు, బడులు, కాలేజీలు, మంచి ఆస్పత్రులు, బందరు రోడ్డు దగ్గర. పిల్లలున్న కుటుంబాలు ఎక్కువగా ఇటే వస్తాయి, అద్దెలూ అందుకు తగ్గట్టే ఉంటాయి. పటమటలో రైతుబజారు ఉంది. రేటు బోర్డు చదివి తీసుకోండి, చిల్లర వెంట ఉంచుకోండి, ఆకుకూరలకి ఏడున్నరలోపు వెళ్ళండి. ఎనిమిదిన్నరకి మిగిలేవి నీళ్ళు చల్లి నిలబెట్టిన కట్టలే. పంటకాలువ రోడ్డు వైపు సాయంత్రం బళ్ళు బాగుంటాయి.

మొగల్రాజపురంలో కొండ ఉంది, గుహలున్నాయి, చెట్లున్నాయి. కొండకి దూరంగా ఉన్న వీధుల్లో ఇల్లు హాయి. కొండని ఆనుకున్నది వద్దు. 2024 ఆగస్టు 31న సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండచరియలు విరిగి ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. పైగా పగలంతా కాగిన రాయి రాత్రంతా వేడి కక్కుతుంది. కొండవైపు కిటికీ తెరిస్తే వేసవి రాత్రి పదింటికి కూడా సెగే వస్తుంది.

ఈ పేటల్లో తప్పక చూసుకోవాల్సింది పక్క భవనం. ఇంటర్ కాలేజీ హాస్టలుంటే తెల్లవారుజామున గంట, జనరేటరు, నీళ్ళ ట్యాంకర్ల హారన్లు. ఫంక్షన్ హాలుంటే పెళ్ళిళ్ళ నెలల్లో అర్ధరాత్రి బ్యాండు. రెండూ లేని వీధి దొరికితే, నడి వయసు కుటుంబానికి ఊళ్ళో ఇంతకన్నా కుదిరిన చోటు తక్కువ.

కానూరు, పోరంకి, ఆ పైన

లిఫ్టు, పార్కింగు, వెలుతురు, కొత్త గచ్చు. ఇల్లు ఇల్లుగా చూస్తే ఇవే బాగుంటాయి. ఏడు వస్తువుల లెక్క వేస్తే మాత్రం మూడో నాలుగో మిగులుతాయి. అపార్టుమెంటు లోపలే పరిచయాలు పెంచుకోగలిగినవాళ్ళకి, ఇంట్లో రెండు బళ్ళున్నవాళ్ళకి నప్పుతాయి. బండి నడపలేని పెద్దవాళ్ళని తీసుకెళ్ళి అక్కడ దించితే వాళ్ళకి టీవీయే దిక్కవుతుంది. యనమలకుదురు కాస్త నయం. కొండ మీద రామలింగేశ్వరుడు, శివరాత్రికి ప్రభలు, ఊరి తీరు ఇంకా పోలేదు.

సింగ్‌నగర్, పాయకాపురం

అద్దె తక్కువ, మనుషులు కలివిడి, మార్కెట్ దగ్గర. బుడమేరు వాగు సంగతి తెలుసుకునే దిగాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు ఈ వైపు ఇళ్ళని ముంచి రోజుల తరబడి నిలిచాయి. ఇంటి ముందు నిలబడి పక్కవాళ్ళని ఒకటే అడగండి: "అప్పుడు నీళ్ళు ఎంతదాకా వచ్చాయండీ?" చేత్తో గోడ మీద చూపిస్తారు. ఆ గీతకి పైన ఉన్న అంతస్తే తీసుకోండి. మీటర్ల బోర్డు, మోటారు కూడా ఆ గీతకి పైకి మార్చారో లేదో చూడండి. ఇల్లు మునగకపోయినా మోటారు మునిగితే తాగడానికి నీళ్ళుండవు.

నీళ్ళు, గాలి, మేడ తాళం

పేట తేలాక ఇంట్లో చూసుకోవాల్సినవి మూడే. కార్పొరేషన్ కృష్ణ నీళ్ళు వస్తాయా, ఏ వేళకి, ఎంతసేపు? బోరు నీళ్ళే అయితే కొళాయి మూతిని వేలితో గీకి చూడండి. తెల్లని పెచ్చు మందంగా ఉంటే నీళ్ళలో సున్నం ఎక్కువ. కందిపప్పు ఎంత ఉడికినా మెదగదు, గీజరు కాయిలు త్వరగా పాడవుతుంది. కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుంటే తాగడానికి మంచివని భారతీయ ప్రమాణం. చిన్న టీడీఎస్ మీటరు జేబులో వేసుకుని వెళ్తే నిమిషంలో తేలుతుంది. అయితే ఆ మీటరు లవణాలే చూపిస్తుంది, మురుగు కలిసిందో లేదో చెప్పదు.

గాలి సంగతి. బ్లేజ్‌వాడ అన్న పేరు ఊరికి ఊరికే రాలేదు. వేసవి మధ్యాహ్నం పడమటి నుంచి వడగాలి కొడుతుంది. సాయంత్రం దాటాక బందరు సముద్రం వైపు నుంచి, అంటే ఆగ్నేయం నుంచి, చల్లగాలి తిరిగే రోజులుంటాయి. కనుక దక్షిణానికో తూర్పుకో బాల్కనీ ఉండి, దానికి ఎదురుగా మరో కిటికీ ఉన్న ఇల్లు చూడండి. రెండోది లేకపోతే లోపలికి వచ్చిన గాలికి పోయే దారి లేక నిలిచిపోతుంది. హాలు పడమటికి ఉంటే సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా అందులో కూర్చోలేరు. పడక కుర్చీ వేసి కాళ్ళు చాపుకోవాలంటే బాల్కనీ వెడల్పు నాలుగడుగులైనా ఉండాలి. మూడడుగులది బట్టలు ఆరేసుకోవడానికే.

పై అంతస్తు చవగ్గా ఇస్తున్నారంటే కారణం శ్లాబు. పగలు పీల్చిన వేడి రాత్రి పదకొండు దాకా గదిలోకి దిగుతూనే ఉంటుంది. మార్చిలో డాబా మీద తెల్ల కూల్ పెయింటు రెండు పూతలు వేయిస్తానని యజమాని ఒప్పుకుంటే తీసుకోవచ్చు.

మేడ తాళం గురించి అడగడం చాలామంది మర్చిపోతారు. వడియాలు పెట్టాలన్నా, ఆవకాయ ముక్కలు తుడిచి బట్ట మీద ఆరబెట్టాలన్నా, ఎండుమిర్చి ఆరబోయాలన్నా, కరెంటు పోయిన రాత్రి చాప వేసుకోవాలన్నా మేడే దిక్కు. చాలా అపార్టుమెంట్లలో ట్యాంకుల పేరు చెప్పి తాళం వేసి ఉంచుతారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళల్లో ఇస్తారు అన్నది అడ్వాన్సు ఇచ్చే ముందే మాట్లాడుకోండి.

నాలుగు వేళల్లో చూడండి

ఆదివారం పదకొండింటికి ఏ వీధయినా బాగుంటుంది. అందుకే పనిరోజు పొద్దున ఆరింటికి ఒకసారి వెళ్ళండి. ముగ్గులు పడ్డాయా, పాల వాళ్ళు తిరుగుతున్నారా, చెత్త బండి వస్తోందా అన్నది తెలుస్తుంది. మధ్యాహ్నం రెండింటికి నీడ ఎక్కడ పడుతుందో చూడండి. రాత్రి తొమ్మిదింటికి ఆడవాళ్ళు ఒంటరిగా నడుస్తున్నారా, వీధి దీపాలు వెలుగుతున్నాయా, మందు షాపు ముందు గుంపు ఎంత దూరం దాకా ఉంది, ఇవి చూడండి. నాలుగోసారి, పెద్ద వాన పడ్డ గంటలోపు. నీళ్ళు మడమ దాకా నిలిచినా అరగంటలో లాగేస్తే పర్వాలేదు. రెండు గంటలైనా కదలకపోతే కాలువ పూడుకుపోయిందని.

ఇల్లు మారే కాలం కూడా ధరని మారుస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బడుల వేడిలో యజమాని చెప్పిందే అద్దె. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో పాలు పొంగించరు కాబట్టి టూలెట్ బోర్డులు ఎక్కువ రోజులు వేలాడతాయి. పట్టింపు ఉన్నవాళ్ళు కూడా ఆ నెలల్లో బేరం కుదుర్చుకుని, మంచిరోజు చూసుకుని తర్వాత దిగొచ్చు. మధ్య రోజులకి అద్దె వేయకుండా తాళం ఇచ్చే యజమానులుంటారు, అడగాలి.

ఇంట్లో ఇద్దరికి రెండు పేటలు నచ్చితే

ఇది చాలా ఇళ్ళలో వచ్చే తగువే. కొడుక్కి ఆఫీసు దగ్గరగా పటమట కావాలి, తల్లికి గుడి దగ్గరగా సత్యనారాయణపురం కావాలి. అలాంటప్పుడు ఎవరు ఆ పేటలో ఎన్ని గంటలు మెలకువగా ఉంటారో లెక్కవేయండి. ఆఫీసుకి పోయే మనిషి పనిరోజున ఇంటి చుట్టుపక్కల మెలకువగా గడిపేది నాలుగు గంటలు. తల్లి గడిపేది పద్నాలుగు. ఆమె పేటకే మొగ్గడం న్యాయం. కొడుక్కి పెరిగే ప్రయాణం రోజుకి ముప్పావుగంట దాటితే మాత్రం మధ్యలో మూడో పేట వెతకండి.

దిగాక మొదటి నెల సరుకులు ఆన్‌లైన్లో తెప్పించుకోకండి. ఆకుకూరల ఆమె దగ్గరే, అదే వేళకి, రెండు కట్టలైనా కొనండి. వారం తిరిగేసరికి "ఇవాళ గోంగూర లేతగా ఉందమ్మా" అని ఆమే పక్కన తీసి ఉంచుతుంది. ఇస్త్రీ బాబాయికి బట్టలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్క చీటీ మీద రాయండి. పక్కింటి పిన్నిగారు గిన్నెలో పులిహోర పంపితే గిన్నె కడిగి ఖాళీగా ఇవ్వకండి, చారెడు పంచదారో రెండు పళ్ళో వేసి ఇవ్వండి. నెలాఖరుకి వీధిలో పదిమంది పేర్లు నోటికి రాకపోతే లోపం పేటదో మీదో అప్పుడే తేల్చేయకుండా, సాయంత్రం అరగంట గుమ్మంలో కుర్చీ వేసుకుని చూడండి.